నిమీల దీపాల కింద పదకొండు గంటలు

"వచ్చేసింది! కేశవా, వచ్చేసింది!"

నా అరుపుకి చెన్నకేశవ స్నానాల గదిలోంచి సబ్బు నురగతోనే తల బయటపెట్టాడు. మాకు పెళ్లయి అప్పటికి ఇరవై మూడు రోజులు. రాయచోటిలో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. కొత్త స్టీలు డబ్బాల మీద కందిపప్పు, ధనియాలు, ఇంగువ అని పేర్లు రాసి అంటిస్తూ, నా అంత అదృష్టవంతురాలు ఈ జిల్లాలో ఉండదనుకుంటున్న బుధవారం ఉదయం అది.

"ఏమొచ్చింది? గ్యాసు బండా?"

"నిమీలం! జనవరి నుంచి రాష్ట్రంలో అన్ని బడుల్లో మన నిమీల దీపాలే!"

అతను తువ్వాలు చుట్టుకుని వచ్చి, తడి చేతులతోనే నా ఫోన్ లాక్కుని పైకి చదివాడు. 'ఫోన్‌రహిత పాఠశాలల మిషన్' వారి లేఖ. నల్లగుట్టపల్లె ఉన్నత పాఠశాలలో అయిదు నెలల ప్రయోగం పూర్తి విజయం. తరగతిలో ఫోన్ వాడకం సున్నా. పదో తరగతి విద్యార్థుల నుంచి వచ్చిన ఫిర్యాదులు సున్నా. పైగా ఇళ్లలో కూడా పిల్లలు ఫోన్ ముట్టడం మానేశారని తల్లిదండ్రులు ఆనందం వ్యక్తం చేశారట. శుక్రవారం తిరుపతిలో ప్రారంభ సభ. మొదటి స్విచ్ నొక్కేది ఆ బడిలో క్లాసు ఫస్టు నాగవేణి.

"సున్నా ఫిర్యాదులు," అన్నాడు కేశవ మురిసిపోతూ. "మా బడి అంటే ఏమనుకున్నావ్!"

నేను అతని తడి భుజం మీద ముద్దు పెట్టాను. ఆ ముద్దును తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

నిమీలం అంటే కన్ను మూయడం. ఆ పేరు పెట్టింది నేనే. తిరుపతిలోని మా ల్యాబ్‌లో నాలుగేళ్లు దాని మీద పనిచేశాను. నేను పదో తరగతిలో ఉండగా మా లెక్కల సారు ఒకమ్మాయి ఫోన్‌ను అందరి ముందూ నేలకేసి కొట్టి, ఆ ముక్కలు ఆమె చేతనే ఏరించాడు. బడిలో ఫోన్లు ఉండకూడదంటే ఎవరి సంచీ తడమకుండా, ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా, ఎవర్నీ ఏడిపించకుండా దారి ఉండాలని అప్పటినుంచీ నా పట్టుదల.

ఆ దారి చాలా చిన్న ఉపాయం. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి దాని చప్పుడు మనకు వినిపించదు. చెవికి వినపడుతూనే ఉన్నా మెదడు పక్కన పెట్టేస్తుంది. ఫోన్ తెర సెకనుకు ఇన్ని సార్లని ఒక లయలో మినుకుతూ ఉంటుంది. మా దీపం కూడా అదే లయలో, కంటికి తెలియనంత సన్నగా మినుకుతుంది. గదంతా ఆ లయే నిండితే మెదడు దాన్ని ఫ్యాన్ చప్పుడులా పక్కన పెట్టేస్తుంది, దాంతోపాటు తెర మీది బొమ్మనూ. పుస్తకం కనిపిస్తుంది, నల్లబల్ల కనిపిస్తుంది, పక్కవాడి ముఖం కనిపిస్తుంది. ఫోన్ తీస్తే మాత్రం బూడిద రంగు పలక. బయటికి వచ్చిన అయిదు నిమిషాలకు చూపు మామూలైపోతుంది.

జూలైలో ఆ దీపాలు బిగించడానికి నల్లగుట్టపల్లె వెళ్లినప్పుడు నా నిచ్చెన పట్టుకున్నది ఆ బడి సైన్సు మాస్టరు చెన్నకేశవ. మొదటి దీపం వెలిగించి, అతని ఫోన్ అతని ముఖం ముందు పెట్టాను.

"ఏం కనిపిస్తోంది?"

"కడిగిన పలక," అన్నాడు. ఆ తర్వాత ఫోన్ పక్కకి జరిపి, "ఇప్పుడు మీరు కనిపిస్తాండారు," అన్నాడు.

నవంబరులో పెళ్లి.

*

బుధవారం మధ్యాహ్నం ఇద్దరం పాకం ఉండలు పట్టుకుని బడికి వెళ్లాం. అతనికి ఎలాగూ డ్యూటీ, నాకు ఇంకా పెళ్లి సెలవు. పదో తరగతి పిల్లలు నలభై రెండు మంది నన్ను చుట్టుకున్నారు.

"మేడమ్, పెళ్లికి పిలవనే లేదే!"

"మా సారు తలంబ్రాలు పోసేటప్పుడు సిగ్గుపడినాడా మేడమ్?"

"వీడియో చూపియ్యండి మేడమ్!"

ఆ మాట కోసమే చూస్తున్నాను కాబట్టి ట్యాబ్, చిన్న స్పీకరు సంచిలో పెట్టుకునే వచ్చాను. నాలుగు గంటలకు బెల్లు కొట్టాక, ప్రత్యేక తరగతి మొదలయ్యేలోపు, బెల్లుతోనే గోడ దూకి పారిపోయిన నలుగురు తప్ప మిగతావాళ్లను ఆరుబయట వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాను. అక్కడ దీపాలు లేవు. చూపు కుదుటపడటానికి పావుగంట కబుర్లు చెప్పి, ట్యాబ్‌ను వాళ్లవైపు తిప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను.

స్పీకర్లో నాదస్వరం మొదలైంది. ముప్పై ఎనిమిది ముఖాలు నవ్వుతూ ట్యాబ్ వైపే చూస్తున్నాయి.

"చీర భలే ఉండాది మేడమ్."

"సారు బాగుండాడు, హీరో మాదిరి."

డోలు జోరందుకుంది. "ఆ... తలంబ్రాలు పోసుకుంటాండారు, చూడండప్పా!" అని ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. నేను సిగ్గుతో పొంగిపోయాను. చేతులు నొప్పెట్టి ట్యాబ్‌ను నావైపు తిప్పుకున్నాను.

తెర ఆరిపోయి ఉంది. పట్టుకోవడంలో నా బొటనవేలు పక్క బటన్ మీద పడ్డట్టుంది. ఎప్పుడు ఆరిందో తెలియదు. పాట ఒక్కటే నడుస్తోంది.

నల్లటి తెరను మళ్లీ వాళ్లవైపు తిప్పాను.

"ఇప్పుడు?"

"బాగుండాది మేడమ్," అన్నారు.

"ఇప్పుడు ఎవరున్నారు తెర మీద?"

ఒక్కరూ పలకలేదు. స్పీకరు ఆపేశాను. ముందు వరుసలో కూర్చున్న నాగవేణి లేచి నిలబడింది. రెండు జడలు, చేతిలో సగం తిన్న పాకం ఉండ.

"మేడమ్, నాకు కనపల్యా. నాకొక్కదానికే అనుకున్యా."

వెనకనుంచి ఇంకో గొంతు: "నాకూ కనపల్యా."

"నాకు గూడా."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికి వారు తమకొక్కరికే అనుకుని నెలల తరబడి దాచుకున్న సంగతి అది.

"ఎప్పట్నుంచి?"

"వినాయక చవితి కాడ్నుంచి మేడమ్," అంది నాగవేణి. "మొదట్లో ఇంటికి పోయినాక వచ్చేది చూపు. తర్వాత పండుకునే యాలకు వచ్చేది. ఇప్పుడు ఆదివారం గూడా రాదు."

"మరి చెప్పలేదేం?"

ఆమె తల వంచుకుంది. పక్కనున్న అమ్మాయి చెప్పింది. "దొంగతనంగా ఫోన్ చూసినోళ్ల కండ్లకే ఆ బూడిద రంగు అంటుకుంటాదని హెడ్మాస్టరు సారు ప్రేయర్లో చెప్పినాడు మేడమ్. చెప్తే నన్ను దొంగ అంటారు గదా."

*

హెడ్మాస్టర్ సాంబశివారెడ్డి గారు కుర్చీలోంచి లేవకుండానే నవ్వారు.

"అది ఊరికే ఒక మాట మేడమ్. పిల్లోళ్లకు కాస్త భయం పెట్టాల గదా. మీ దీపానికి నా మాట తోడైంది, అంతే."

"దీపాలు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతున్నాయి?"

"పొద్దున ఎనిమిదికి స్టడీ అవర్. సాయంత్రం ఏడుకి వదులుతాం. పదో తరగతి గదా, ఆదివారం గూడా పూట బడి ఉండాది."

"పదకొండు గంటలు! గోడ మీద కాగితం అంటించాను కదా సార్, ఆరు గంటలు మించకూడదని. మామూలు లైట్లు ఏమయ్యాయి?"

"అవి పీకి కింది తరగతులకు ఏసినాం. మీ లైటు చల్లగుండాది, సోలారు, కరెంటు బిల్లు లేదు. మంచి వస్తువు ఎక్కువసేపు వాడుకుంటే తప్పేముంది?"

తప్పేమీ లేదని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని చూసి నాకు చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరి చెంప అన్నది తేలలేదు. మేం ప్రయోగం చేసింది ఇంజినీరింగ్ కుర్రాళ్ల మీద, ఏసీ గదిలో, రోజుకు గంట చొప్పున. పదో తరగతి బడి మన ఊళ్లలో ఎలా నడుస్తుందో ల్యాబ్‌లో తెలియనిది ఎవరికి? ఆ చదువు చదివే కదా అందరం వచ్చాం. అయినా కాగితం మీద 'బడి సమయం ఆరు గంటలు' అని రాసుకున్నాం.

స్టూలు తెప్పించుకుని, పదో తరగతి గది మెయిన్ స్విచ్ నేనే కట్టేశాను.

"స్పెషల్ క్లాసు ఎట్లా మేడమ్?" అన్నాడాయన.

"బయట వెలుతురుంది. చెట్టు కింద చెప్పుకోండి."

*

ఇంటికి వచ్చి తలుపు వేశాక అసలు మాట ఎత్తాను. కోపం వస్తే నేను కేశవను 'మీరు' అంటాను. ఆ సంగతి మా ఇద్దరికీ ఆ సాయంత్రమే తెలిసింది.

"ఆ ఫారాలు ఎవరు నింపారో మీరు చెప్పండి."

అతను చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు.

మిషన్ వాళ్ల యాప్‌లో ప్రతి విద్యార్థికీ తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. తలనొప్పి వస్తోందా, నిద్ర పడుతోందా, ఇంటి దగ్గర తెర చూడటంలో ఇబ్బంది ఉందా. పిల్లలే ట్యాబ్ పట్టుకుని చదివి జవాబు నొక్కాలి.

"బయట చెట్టు కింద కూర్చోబెట్టే ట్యాబ్ ఇచ్చినాను వకుళా. ఆ పొద్దు వచ్చినోళ్లందరూ ఊరికే పట్టుకుని తిరిగి ఇచ్చేసినారు. ఏమీ నొక్కలా. బద్ధకమనుకున్యా. ఖాళీగా పంపితే యాప్ తీసుకోదు. ఆ రోజే ఆఖరి తేదీ."

"అందుకని?"

"నేనే నొక్కినా."

నలభై రెండు మంది, తొమ్మిదేసి ప్రశ్నలు. మూడువందల డెబ్బై ఎనిమిది సార్లు 'లేదు'.

"ఎప్పుడు?"

అతను చెప్పేలోపే నాకు గుర్తొచ్చింది. నిశ్చితార్థమైన వారం. రెండు గంటలపాటు ఫోన్లో మాట్లాడుకున్నాం. నేను పెళ్లిలో ఏ రంగు గాజులు వేసుకోవాలా అని వాగుతుంటే అవతలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. అదేం చప్పుడని అడిగితే "నువ్వు మాట్లాడు, వింటూ చిన్న పని చేసుకుంటాండా" అన్నాడు. నేను నవ్వాను. ఒక్కొక్క టిక్కూ ఒక్కో పిల్ల నోరు నొక్కేయడం. ఇవతల కూర్చుని నేను ఆకుపచ్చ గాజులా, ఎర్ర గాజులా అని అడుగుతున్నాను.

"మీకు చదువు చెప్పే ఉద్యోగం ఎవరిచ్చారండీ!" అని అరిచాను. "పిల్లలు ట్యాబ్ వైపు చూసి తిరిగి ఇచ్చేస్తుంటే ఒక్కసారి, ఒక్కరినైనా, ఎందుకని అడగాలనిపించలేదా?"

"తప్పే. నాదే తప్పు."

"మీ ఒక్కరిదే అయితే బాగుండు."

ఎందుకంటే ఆ ఫారాలు ల్యాబ్‌కి వచ్చినప్పుడు వాటిని లెక్కకట్టింది నేను. నలభై రెండు మంది పిల్లలకు తొమ్మిది ప్రశ్నలు వేస్తే ఒక్కరికీ తలనొప్పి కూడా లేదట. డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి కూడా ఇలాంటి లెక్కను నమ్మడు. నేను నమ్మడమే కాదు, ఆ సున్నా చుట్టూ పచ్చరంగు గీసి నివేదిక మొదటి పేజీలో పెట్టాను. ఇళ్లలో పిల్లలు ఫోన్ ముట్టడం లేదని తల్లిదండ్రులు చెబితే సంబరపడ్డాను. కనబడని దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. డబ్బాల మీద నేను అంటించిన కాగితాలు చూస్తుంటే అన్నీ పీకి పారేయాలనిపించింది.

*

గురువారం పొద్దున్నే బడి సైన్సు గదిలో పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షించాం. నేను చూపించాను, కేశవ రాశాడు. ఈసారి ప్రతి జవాబూ పిల్లలతో రెండుసార్లు చెప్పించి, పేరు పక్కన వాళ్ల చేతనే సంతకం పెట్టించి మరీ రాశాడు. పుస్తకంలో బొమ్మ కనిపిస్తోంది. కాగితం మీద ఫోటో కనిపిస్తోంది. అద్దంలో ముఖం కనిపిస్తోంది. ఫోన్ కనిపించదు. టీవీ కనిపించదు. బస్సు నుదుటి మీద వెలిగే ఊరి పేరు కూడా కనిపించదట. కండక్టర్ని అడిగి ఎక్కుతున్నారు.

ముప్పై ఒక్క మందికి ఏ తెరా కనిపించడం లేదు. ఏడుగురికి సగం సగం. నలుగురికి మాత్రం చూపు శుభ్రంగా ఉంది. ఆ నలుగురూ నిన్న గోడ దూకినవాళ్లే, స్టడీ అవర్ ఎగ్గొట్టి తిరిగేవాళ్లు. వాళ్లను హెడ్మాస్టరు రోజూ గోడకుర్చీ వేయిస్తాడు.

కాగితాలు ముందు పెట్టుకుని మా డైరెక్టర్ డాక్టర్ అనంతపద్మనాభం గారికి ఫోన్ చేశాను. నాలుగేళ్లుగా నాకు గురువు. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"వకుళా, కొత్త పెళ్లికూతురివి. హాయిగా సెలవు గడపక ఇవన్నీ ఎందుకమ్మా?"

"సార్, ముప్పై ఒక్క మంది పిల్లలు."

"చూపు పోలేదు కదా. చదువుతున్నారు, రాస్తున్నారు, ఆడుకుంటున్నారు. తెర ఒక్కటే చూడటం లేదు. తెర చూడాలని మనం ఈ దీపం కనిపెట్టామా?"

"బడిలో చూడకూడదని కనిపెట్టాం. వాళ్ల బతుకులో కాదు. ఇది తిరిగి వస్తుందా, రాదా?"

"వస్తుందనే అనుకుంటున్నాను. ఆరు నెలలో, ఏడాదో. పెరిగే వయసు మెదడు కాబట్టి గట్టిగా చెప్పలేం. గట్టిగా చెప్పాలంటే ఇంకా పెద్ద సంఖ్యలో పిల్లలు కావాలి." ఆ తర్వాతి మాట ఎంతో మామూలుగా అన్నారు. "జనవరి నుంచి అదే కదా రాబోతోంది."

ఆయనకు ముందే తెలుసు. నాకు అప్పుడే అర్థమైంది.

"రేపటి సభ ఆపండి సార్."

"సభ ఆగదు. నువ్వు సెలవులో ఉన్నావు, సెలవులోనే ఉండు. ఆ నాగవేణిని మాత్రం టైముకి పంపించు. వాళ్లమ్మ కువైట్ నుంచి వీడియోలో చూస్తుందట కదా, ఆ ముక్క కూడా ప్రసంగంలో పెట్టించాను. బాగుంటుంది."

మిషన్ వాళ్లకు మెయిల్ పెట్టాను. నిమిషంలో జవాబు వచ్చింది. నా అభిప్రాయానికి ధన్యవాదాలట. ఫిర్యాదులేమైనా ఉంటే విద్యార్థి స్వయంగా యాప్‌లో నమోదు చేయాలట.

*

వాళ్లమ్మ కువైట్ నుంచి. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. సాయంత్రం బడి వదిలాక నాగవేణితోపాటు వాళ్లింటికి వెళ్లాం.

రేకుల ఇల్లు, ముందు చిన్న వసారా. వాళ్లవ్వ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, "కొత్త జంట, ఉత్త చేతులతో పోగూడదు," అంటూ నా ఒళ్లో రెండు అరటిపండ్లు పెట్టింది. నాగవేణి తల్లి సుబ్బరత్న నాలుగేళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తోంది. ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. రోజూ రాత్రి ఏడున్నరకు, అక్కడ సాయంత్రం అయిదుకు పని తెరిపిచ్చాక, వీడియో కాల్ చేస్తుంది. నాగవేణి ఆమె ముఖం చూసి మూడు నెలలైంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గొంతు వచ్చే దిక్కు చూసి నవ్వుతా మేడమ్," అంది నాగవేణి గుసగుసగా. "అమ్మ మాట్లాడకుండా ఉంటే ఏదో చూపిస్తాందని తెలుస్తాది. బాగుండాది మా, అంటా. చీరలే చూపిస్తాది ఎప్పుడూ."

ఏడున్నరైంది. ఫోన్ మోగింది. నాగవేణి దాన్ని ఎదురుగా పట్టుకుంది. నేను ఆమె భుజం వెనక కూర్చున్నాను.

"ఏం పాపా, తిన్యావా?" తెర మీద నలభై ఏళ్ల మనిషి. తలమీద గుడ్డ, అలసిన ముఖం. నన్ను చూసి ముఖమంతా నవ్వైంది. "ఎవురు, మేడమా! పెండ్లి అయిందంట గదా. చల్లగుండు తల్లీ."

"మీరెలా ఉన్నారమ్మా?"

"నాకేం, రాజా మాదిరుండా," అందామె గట్టిగా, లోపలికి వెళ్లిన అవ్వకు వినపడేట్టు.

అంటూనే ఎడమచేత్తో ఒక కాగితం పైకెత్తింది. పెన్నుతో పెద్ద అక్షరాలు. 'అవ్వ ఇంట్లోనే ఉందా?' నేను తల ఊపాను. ఆమె కాగితం దించి, కుడి చేతి మీది పైట తీసింది. మోచేతి నుంచి వేళ్లదాకా కాలిన చెయ్యి. కొంత మానింది, కొంత చీము పట్టి ఉంది. రెండు వేళ్లు అతుక్కుపోయాయి. ఆ తర్వాత ఇంకో కాగితం చూపింది. మడతల దగ్గర చిరిగిపోయిన పాత కాగితం. 'నూనె పడింది. చెయ్యి ఎత్తలేకపోతాండా. అవ్వకు చెప్పద్దు, తట్టుకోల్యాదు. వచ్చెయ్యనా పాపా?'

నా పక్కన నాగవేణి, నిశ్శబ్దాన్ని విని, తెర వైపు తియ్యగా నవ్వింది.

"బాగుండాది మా," అంది.

నేను ఆ క్షణాన్ని ఫోటో తీశాను. నా ఫోన్‌తో, నా చేత్తో, ఆ తెరను. ఆ ఫోన్ కేశవ చేతిలో పెట్టి, "బస్టాండు పక్కన జిరాక్స్ షాపు ఉంది. రంగుల్లో తీయించు. పరిగెత్తు," అన్నాను. అతను బండి తీశాడు.

నాగవేణి చేతిలోంచి ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి, సుబ్బరత్నకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"మూడుసార్లు చూపిచ్చినా మేడమ్," అందామె. "మూడుసార్లూ నవ్వి, బాగుండాది అనింది. నేను ఇడ్సిపెట్టి వచ్చినందుకు మనసు రాయి చేసుకున్యాదేమో, నేను రావడం దానికి ఇష్టం లేదేమో అనుకున్యా. అందుకే ఈడనే ఉండిపోయినా. ఎడమచేత్తో చేస్తాండా పని." గొంతు ఒక్కసారిగా మారింది. "నా బిడ్డ కండ్లల్లో నన్ను తుడిచేసింది ఎవురు మేడమ్?"

"నేను," అన్నాను. "నాతోపాటు ఇంకొందరు."

ఆమె తిట్టింది. నోరారా తిట్టింది. నేను విన్నాను. ఒక్క మాట కూడా ఎక్కువనిపించలేదు.

కేశవ పావుగంటలో వచ్చాడు. కాల్ నడుస్తుండగానే నేనూ ఫోన్‌తో వసారాలోకి వచ్చాను. చొక్కా చెమటతో తడిసింది. కాగితం మాత్రం నలగలేదు. నాగవేణిని వసారా గట్టు మీద కూర్చోబెట్టి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల మొదట అమ్మ ముఖం చూసింది. వేలితో ముఖాన్ని తడిమింది. "చిక్కిపోయినాదే," అంది. ఆ తర్వాత చూపు కిందికి దిగింది. చెయ్యి. కాగితం మీది అక్షరాలు. పెదవులు కదుపుతూ చదువుకుంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, కనబడని తెరలోకి అరిచింది.

"వచ్చెయ్ మా! రేపే వచ్చెయ్! నాకు కనపడ్లేదు మా, సూసింటే ఆ పొద్దే చెప్పిందును గదా!"

ఆ అరుపుకి అవ్వ బయటికి వచ్చింది. దాయడానికి ఇక ఏమీ మిగల్లేదు. నాగవేణే కాగితం చూపించి, అవ్వ చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. అవ్వ గుండె ఆగలేదు. నన్నూ కేశవనూ తలెత్తి చూసి, "మీరు సదువుకున్నోళ్లేనా?" అని ఒక్క మాట అడిగింది. జవాబు కోసం ఎదురుచూడలేదు.

కేశవ గట్టు దిగి నాగవేణి ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పాపా, మీకు ఇబ్బంది లేదని యాప్‌లో నొక్కింది నేను. మిమ్మల్ని అడగకుండా. రేపు సభలో మైకు నా చేతికి వస్తే అదే చెప్తా. ఉద్యోగం పోతే పోనీ."

"నేను పరీక్షల కాగితాలు తెస్తాను," అన్నాను. "నలభై రెండు మంది సంతకాలతో. విలేఖరులు ఎంతమంది ఉంటే అన్ని కాపీలు. నువ్వు రావాలని లేదు నాగవేణీ. ఈ గొడవ మాది. నువ్వు ఇంట్లో ఉండు."

"నన్నే గదా పిలిచినారు స్టేజీ మీదికి, స్విచ్చి నొక్కమని?"

"అవును."

"పొద్దున పదింటికి గదా? కువైట్‌లో ఏడున్నర." ఆమె ఫోన్ వైపు తిరిగింది. "మా, రేపు ఆ టయానికి వీడియో చెయ్యి. పైట తీసి, చెయ్యి చూపిస్తా ఉండు. కాగితం గూడా పట్టుకో."

"అందరి ముందరా పాపా?" అంది సుబ్బరత్న గొంతు.

"అందరి ముందరే."

నాగవేణి నావైపు తిరిగింది. పద్నాలుగేళ్ల పిల్ల ముఖంలో అంత కోపం ఉండకూడదు.

"బస్సు ఎన్నింటికి మేడమ్?"

"అయిదున్నరకి."

"వస్తా. స్విచ్చి నొక్కను. ఫోను తీస్కపోయి మీ పెద్ద సారు చేతికిస్తా. నాకు కనపడ్దు, ఆయనకు కనపడతాది గదా. సార్, మా యమ్మ చెయ్యి ఎట్లుండాదో, ఆ కాగితంలో ఏం రాసిందో మైకులో సదివి నాకు చెప్పండి అంటా. చెప్పిందాకా దిగను."